జబ్బు పిల్లగాణ్ని వదిలిపోయినవాడు హీరో ఎట్లయితడు? (అడ్వెంట్ చిల్డ్రన్‌లో క్లౌడ్ గురించి)

దేవరకొండ నుంచి డిగ్రీ చదివే తమ్ముడొకరు అడిగిన ప్రశ్న టూకీగా ఇది: "ఫైనల్ ఫాంటసీ 7 అడ్వెంట్ చిల్డ్రన్ చూసిన. గేమ్‌ల ప్రపంచాన్నే కాపాడిన క్లౌడ్, సినిమాల ఇల్లు ఇడిచిపెట్టి, ఫోన్ ఎత్తకుండ, జబ్బుతోని ఉన్న పిల్లగాణ్ని గూడ వదిలి పాడువడ్డ చర్చిల పండుకుంటడు. ఆఖర్ల వచ్చి కొట్లాడుతడు. ఆయనకు అసలు కావాల్సింది పగనా, ప్రాయశ్చిత్తమా? ఇసొంటోడు హీరో ఎట్లయితడు? నాకైతే కోపమొచ్చింది."

ముందు సూటిగా జవాబు చెబుతాను. పగ కాదు. ప్రపంచాన్ని కాపాడాలన్న తపనా కాదు. క్లౌడ్‌ను నడిపేది ఒకే ఒక్క నమ్మకం: "నా పక్కనున్నవాళ్ళు చచ్చిపోతారు, నేను చూస్తూ నిలబడతాను." ఇంటి నుంచి వెళ్ళిపోయింది ఆ పిల్లగాడి మీద ప్రేమ లేక కాదు. వాడు కూడా తన కళ్ళ ముందే పోతాడన్న భయంతో. అతనికి కావాల్సింది క్షమాపణ. కానీ ఎవరిని అడగాలనుకుంటున్నాడో ఆ ఇద్దరూ చనిపోయారు. బతికున్నవాళ్ళ దగ్గరికి పోవడానికి అతనికి మొహం చెల్లదు. సినిమా మొత్తం ఈ చిక్కుముడి చుట్టే తిరుగుతుంది.

నీ కోపం తప్పు కాదు తమ్ముడూ. సినిమాలో క్లౌడ్‌తో ఒకే ఇంట్లో ఉండే చిన్ననాటి స్నేహితురాలు టీఫాకు కూడా సరిగ్గా ఆ కోపమే ఉంది.

నేను నల్గొండలో 16 ఏళ్ళుగా మానసిక కౌన్సెలింగ్ చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్ దిక్కు కుటుంబాలే. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉన్న రోజుల్లో ఈ గేమ్‌ను రూమ్మేట్ కంప్యూటర్ మీద రెండుసార్లు పూర్తి చేశాను. అప్పుడు నాకు కూడా క్లౌడ్ అంటే పెద్ద కత్తి, పసుపు జుట్టు, అంతే. ఈ పనిలోకి వచ్చాక సినిమా మళ్ళీ చూస్తే, నా ముందు కుర్చీలో కూర్చునే మనుషులే తెర మీద కనబడ్డారు.

గేమ్ ఆడనివాళ్ళ కోసం ముందు జరిగిన కథ కొంచెం చెప్పాలి, లేకపోతే ఏదీ అతకదు. గేమ్ 1997లో వచ్చింది. సినిమా 2005లో. దర్శకుడు టెట్సుయా నొమురా, రచన కజుషిగె నొజిమా. కథాకాలం మాత్రం గేమ్ అయిపోయిన రెండేళ్ళ తర్వాత.

క్లౌడ్ మీద రెండు చావుల బరువుంది. మొదటిది స్నేహితుడు జాక్‌ది. ఇద్దరూ ఒకే ల్యాబ్ నుంచి తప్పించుకున్నారు. క్లౌడ్‌కు ఒంటి మీద స్పృహ లేదు. జాక్ అతన్ని మోసుకుంటూ, దాచుకుంటూ మిడ్గార్ పట్నం పొలిమేర దాకా తెచ్చాడు. అక్కడి గుట్ట మీద, ఆ లోకాన్ని ఏలే షిన్రా అనే కంపెనీ సైనికుల తూటాలకు పోయాడు. క్లౌడ్ బతికాడు. జాక్ కత్తి తీసుకున్నాడు, చివరికి జాక్ జీవితాన్నే తన జీవితం అనుకుని చాలాకాలం బతికాడు.

రెండోది తన జట్టులోని అమ్మాయి ఏరిత్‌ది. ఇది ఇంకా లోతుగా దిగిన ముల్లు. గేమ్‌లో అసలు శత్రువు సెఫిరోత్. అతని వశంలో ఉండి క్లౌడ్ తన చేతులతోనే, ఉల్కను రప్పించే బ్లాక్ మెటీరియా అనే మాయరాయిని అతనికి ఇచ్చేశాడు. అదే మైకంలో ఏరిత్‌ను కొట్టాడు. ఆ తర్వాతే ఆమె ఒంటరిగా ఫర్‌గాటెన్ సిటీ అనే పాత నగరానికి వెళ్ళింది. అక్కడ ఆమె మోకాళ్ళ మీద ప్రార్థనలో ఉంటే ముందు కత్తి ఎత్తింది క్లౌడే. స్నేహితులు అరిస్తే ఆగాడు. అతను ఆగిన మరుక్షణం సెఫిరోత్ పైనుంచి దిగి ఆమెను పొడిచాడు. ఆమె శరీరాన్ని తన చేతులతోనే నీళ్ళలోకి వదిలాడు క్లౌడ్.

ఇప్పుడు చెప్పు, ఆ చేతులను అతను ఏం చేసుకోవాలి?

చాలామంది అడిగేది ఇంకొకటుంది. గేమ్‌లోనే టీఫా సాయంతో క్లౌడ్ తన అసలు జ్ఞాపకాలను తిరిగి పొంది బాగుపడ్డాడు కదా, సినిమాలో మళ్ళీ వెనక్కి తోశారేంటి అని. నేను దీనితో ఒప్పుకోను. గేమ్‌లో అతను తేల్చుకున్నది "నేను ఎవరిని" అన్న సంగతి. "నా వల్ల పోయినవాళ్ళ సంగతేంటి" అన్నదానికి అప్పుడు తీరిక లేదు, ఆకాశం నుంచి ఉల్క మీద పడబోతుంది. మన ఇళ్ళలో చూడు. మనిషి పోయిన రోజు నుంచి పెద్దకర్మ దాకా ఇల్లంతా జనం. వంటలు, చుట్టాలు, అప్పులు, లెక్కలు. ఏడవడానికి కూడా ఖాళీ ఉండదు. దినాలు అయిపోయి, ఆఖరి చుట్టం బస్సెక్కినాక, సాయంత్రం దీపం పెట్టే వేళకు అసలు దుఃఖం వచ్చి వాకిట్లో కూర్చుంటుంది. క్లౌడ్‌కు ఆ సాయంత్రం రెండేళ్ళు ఆలస్యంగా వచ్చింది. యుద్ధం లేదు. పార్సిళ్ళు మోసే పని ఉంది, ఇల్లుంది, టీఫా ఉంది, స్నేహితుడు బారెట్ పెంచుకునే మార్లీన్ ఉంది, అనాథగా దొరికిన డెంజెల్ ఉన్నాడు. అంతా కుదుటపడింది. అందుకే అప్పుడు కూలిపోయాడు.

పైగా డెంజెల్‌కు జియోస్టిగ్మా అనే జబ్బు. నుదుటి మీద నల్లటి మచ్చ, మందు లేదు. కొద్దిరోజులకు అదే జబ్బు క్లౌడ్ ఎడమ చేతికి వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. ఆ చేతికి గుడ్డ కప్పుకుని తిరిగాడు.

ఇక్కడ నా దగ్గరికి వచ్చిన ఒకాయన గురించి చెప్పాలి. ఊరు, వివరాలు మార్చి చెబుతున్నాను. పాలమూరు దిక్కు గుంపు మేస్త్రీ. ఏటా ఊరి నుంచి పది పదిహేను మందిని బిల్డింగు పనులకు పుణె తోల్కపోయేవాడు. ఒక ఏడాది సొంత బామ్మర్దిని కూడా తీసుకుపోయాడు. ఒకరోజు ఈయనకు జ్వరం. నాలుగో అంతస్తులో సెంట్రింగ్ పనికి ఈయన బదులు బామ్మర్ది ఎక్కాడు. అక్కడి నుంచి పడిపోయాడు.

శవంతో ఊరికొచ్చిన తర్వాత ఆయన ఇంట్లో పడుకోవడం మానేశాడు. బాయికాడ మోటరు కొట్టంలో చాప వేసుకుని పడుకునేవాడు. చనిపోయినవాడి గడియారం తన చేతికి కట్టుకున్నాడు. పాత స్టీలు గొలుసు, వదులుగా ఉండి మణికట్టు నుంచి కిందికి జారుతుండేది. మాట్లాడేటప్పుడు ఊరికే దాన్ని పైకి తోసుకునేవాడు. నెల తిరగ్గానే బామ్మర్ది భార్యకు డబ్బు అందేది, కానీ కిరాణం షాపతని చేతుల మీదుగా. ఎన్నడూ ఆ గడప తొక్కలేదు. పైసలు పంపుతడు గని మొహం చూపియ్యడు అని ఆయన భార్య నా ముందు ఏడ్చింది.

సినిమాలో టీఫా, మార్లీన్ చర్చికి పోయినప్పుడు చూడు. నేల మీద క్లౌడ్ పడక, పక్కన కట్టుగుడ్డలు. ఆ గుడ్డలు చూసిన తర్వాతే టీఫాకు అతనికి కూడా జబ్బుందని అర్థమవుతుంది. ఆ సీను వచ్చినప్పుడల్లా నాకు మోటరు కొట్టంలో ఆ చాప కనబడుతుంది. పోయినవాళ్ళ జాగాలో కాపురం పెట్టడం ఇలాంటి మనుషుల్లో నేను మళ్ళీ మళ్ళీ చూసిన గుర్తు. క్లౌడ్ వెళ్ళి పడుకున్నది ఏదో ఒక పాత గుడిసెలో కాదు. ఏరిత్ పూలు పెంచిన చర్చిలో. ఊరికే ఆగి నిలబడేది ఎక్కడో కాదు, జాక్ కత్తి పాతిన గుట్ట మీద. ఈ రెండు చోట్లా అతని దగ్గర ఒక తోడేలు కనబడుతుంది కదా, అది నిజం తోడేలు కాదు. అతని మనసులోని బరువుకు రూపం. కథ చివరికి వచ్చేసరికి అది ఇక కనబడదు.

నీ ప్రశ్నలో "ప్రాయశ్చిత్తమా" అన్న మాట ఉంది. అక్కడ ఒక తేడా గమనించాలి. ప్రాయశ్చిత్తం అంటే చేసిన తప్పుకు బదులు ఏదో ఒకటి చేయడం. క్లౌడ్ సినిమా మొదటి సగంలో అది చేయడం లేదు. తనకు తానే శిక్ష వేసుకుంటున్నాడు. శిక్ష వేసుకునే మనిషి పక్కనున్నవాళ్ళకు ఏం జరుగుతుందో చూడడు, వాళ్ళకు కూడా శిక్ష పడుతోందని గ్రహించడు. డెంజెల్ ఏం తప్పు చేశాడు? నీకు కోపమొచ్చింది ఇక్కడే. టీఫా అడిగేది కూడా ఇదే: నీకు జ్ఞాపకం ముఖ్యమా, మేమా అని. దానికి అతను ఇచ్చే జవాబు, తాను ఎవరికీ సాయం చేయలేనని, కుటుంబానికీ కాదు, స్నేహితులకూ కాదని. ఆ మాట వినడానికి వినయంలా ఉంటుంది. నిజానికి అది తలుపు మూసుకోవడం.

ఇంకో సంగతి, ఇది నేను ఇంకెవరూ రాయగా చూడలేదు. జియోస్టిగ్మా ఎందుకొస్తుందో సినిమాలో క్లౌడ్ పాత జట్టులోని విన్సెంట్ చెబుతాడు. ఒంట్లోకి చొరబడ్డదాన్ని తరిమేయడానికి శరీరమే అతిగా పోరాడి, ఆ పోరాటంతోనే పాడైపోతుందని. క్లౌడ్ మనసుకు వచ్చిన జబ్బు కూడా అచ్చం అదే. తప్పు చేస్తే బాధపడటం మనిషికి ఉండాల్సిన గుణం, అది లేనివాడు మనిషే కాదు. ఆ గుణమే హద్దు దాటి మనిషిని తినేయడం మొదలుపెడితే, చూడటానికి మంచితనంలాగానే కనబడుతుంది. అందుకే చుట్టుపక్కలవాళ్ళు కూడా "పాపం, మంచోడు, మనసుకు తీసుకున్నడు" అని వదిలేస్తారు.

మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిన పిల్లలను చూస్తూ పెరిగినవాణ్ని నేను. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితేనే హాని అంటారు, మా దిక్కు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు వచ్చేది. నీళ్ళే జబ్బైన చోట పుట్టినోడికి, నీళ్ళతో పిల్లల జబ్బు పోయే సినిమా చూస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. చర్చిలో పిల్లలందరూ మడుగు చుట్టూ నిలబడ్డ సీనులో నేను ఏడ్చేశాను. మా దగ్గర వంగిన ఎముక మళ్ళీ నిలువుగా కాదు.

సరే, అసలు విషయానికి వస్తాను. క్షమాపణ.

చావు జరిగిన మూడో రోజు మన దగ్గర పిట్టకు పెడతారు కదా. ఇస్తారాకులో అన్నం, పోయినవాడికి ఇష్టమైన కూర, కల్లు తాగేవాడైతే కల్లు. అందరూ దూరం జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముడితే తృప్తిగా పోయాడని లెక్క. ముట్టకపోతే మనసులో ఏదో ఉండిపోయిందని ఒక్కొక్కరు ముందుకొచ్చి దండం పెట్టి మాట ఇస్తారు, నీ పిల్లలను మేం చూసుకుంటం, నీ బాకీ మేం తీరుస్తం, ముట్టు అని. ఆ గుంపు మేస్త్రీ బామ్మర్దికి పెట్టిన రోజు చాలాసేపు పిట్ట ముట్టలేదట. అందరూ ఒకరి తర్వాత ఒకరు పోయి మొక్కారు. ఈయన మాత్రం దూరంగా చింతచెట్టు చాటున నిలబడ్డాడు. ఎందుకు పోలేదని అడిగాను. తల వంచుకుని గడియారం పైకి తోసుకున్నాడు.

"నేను పోతే అది అసలే రాదనుకున్న సారూ."

నా పదహారేళ్ళ పనిలో ఇంతకంటే బరువైన మాట వినలేదు. క్లౌడ్‌కు ఆ ఇస్తారాకు కూడా దక్కలేదని గుర్తుపెట్టుకో. జాక్ గుట్ట మీద పోయాడు, గుర్తుగా ఒక కత్తి తప్ప ఏమీ లేదు. ఏరిత్ నీళ్ళలో కలిసింది. నిలబడి మాట ఇవ్వడానికి, పిట్ట వచ్చిందో లేదో చూడటానికి అతనికి ఒక చోటు లేదు, ఒక రోజు లేదు.

సినిమాలో తెల్లటి వెలుగులో, పూల మధ్య ఏరిత్ అతని వెనక నిలబడే సీను ఉంటుంది. ఎందుకొచ్చావని ఆమె అడిగితే, క్షమించబడాలని ఉంది, అన్నిటికంటే అదే కావాలి అంటాడు. ఆమె తిరిగి ఒకే మాట అడుగుతుంది: ఎవరి చేత? ఆ ప్రశ్నకు అతని దగ్గర జవాబు లేదు. నువ్వు అడిగిన "అతనికి కావాల్సింది ఏంటి" అన్నదానికి సినిమా ఇచ్చే అసలు సమాధానం ఆ మౌనంలో ఉందని నా అభిప్రాయం. ఏరిత్ అతని మీద ఎన్నడూ తప్పు పెట్టలేదు. ఫర్‌గాటెన్ సిటీలో అతని ఫోన్ నీళ్ళలో పడి మునిగిపోతున్నప్పుడు వినబడే గొంతుల్లో చివరిది ఆమెదే. నేను నిన్ను నిందించలేదు, నువ్వు నా కోసం వచ్చావు, నాకు అది చాలు అంటుంది. అతను మాత్రం అప్పుడు అది వినే చోట లేడు.

విన్సెంట్ సంగతి కూడా చెప్పి తీరాలి, చాలామంది అతన్ని ఎర్ర కోటు స్టైల్ కోసమే చూస్తారు. విన్సెంట్ గేమ్‌లో తాను ప్రేమించిన స్త్రీని కాపాడలేకపోయానని దాదాపు 30 ఏళ్ళు శవపేటికలో పడుకుని గడిపినవాడు. క్లౌడ్ వెళ్ళి, పాపాలకు క్షమాపణ ఉంటుందా అని అడిగింది అలాంటి మనిషిని. తాను ఎప్పుడూ ప్రయత్నించి చూడలేదంటాడు విన్సెంట్. క్లౌడ్ కాసేపు ఆలోచించి, అయితే నేను ప్రయత్నిస్తా అని లేస్తాడు. ఇదే మలుపు. సెఫిరోత్‌తో యుద్ధం కాదు. ఎదురుగా ఉన్న మనిషిలో తన 30 ఏళ్ళ తర్వాతి రూపం కనబడింది అతనికి.

ఆ తర్వాత జరిగేదంతా దీని ఫలితమే కాబట్టి త్వరగా చెబుతాను. బహమూత్ అనే భారీ మృగంతో పోరాటంలో క్లౌడ్ గాల్లోకి లేస్తుంటే స్నేహితులు ఒకరి తర్వాత ఒకరు చెయ్యి అందించి పైకి విసురుతారు. చివరి చెయ్యి ఏరిత్‌ది. "నేను ఎవరికీ సాయం చేయలేను" అన్న మనిషి ఇక్కడ సాయం తీసుకుంటున్నాడు. నా అనుభవంలో అదే కష్టం. సాయం చేయమంటే ఇలాంటివాళ్ళు ప్రాణమైనా ఇస్తారు, తీసుకోమంటే మాత్రం చెయ్యి చాపరు. ఇక సెఫిరోత్, నీకు ఏది ప్రాణమో చెప్పు, దాన్నే లాక్కుంటా అన్నప్పుడు, నాకు ప్రాణం కానిదంటూ ఏదీ లేదంటాడు క్లౌడ్. సినిమా మొదట్లో ఇదే కారణంతో ఇల్లు వదిలాడు, పోగొట్టుకోవడానికి తన దగ్గర ఏదీ ఉండకూడదని. ఇప్పుడు అన్నిటినీ తనవే అని ఒప్పుకుని నిలబడ్డాడు.

సినిమాలో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. వాన కురిసి జబ్బు పోయినట్టు మనసు కూడా ఒక్క రోజులో తేలికైపోయినట్టు చూపించారు. బయట అట్లా జరగదు. మా మేస్త్రీకి ఏడాదిన్నర పట్టింది. ఫోన్‌లో బామ్మర్ది కొడుకు పంపిన వాయిస్ మెసేజీలు పదకొండు, ఒక్కటీ వినలేదు. తిడుతున్నాడేమోనని భయం. ఒకరోజు నా గదిలో, నా ముందే పెట్టుకుని విన్నాడు. మొదటిది: "మామా, సైకిల్ చైన్ ఊకె పడిపోతంది, నువ్వొస్తె ఎక్కిస్తవా." మిగతా పది కూడా అలాంటివే. ఆ ఏడు పెత్తరమాసకు అత్తగారింటికి పోయాడు. ఆమె అన్నం పెట్టి, "వాడు పోయినందుకు నీ మీద ఏముంది బిడ్డా, నువ్వు రాకపోతివనే కోపం" అన్నదట. ఇప్పటికీ గడియారం తీయలేదు. తీయమని నేను అడగలేదు కూడా. గొలుసులో రెండు లింకులు తీయించి చేతికి సరిపడా చేయించుకున్నాడు.

ఇది చదివేవాళ్ళలో ఎవరి ఇంట్లోనైనా ఇట్లా ముడుచుకుపోయి, "నేను పోతే బాగుండు" అనే మనిషి ఉంటే, టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వానిదే, పైసలు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇక తమ్ముడూ, నువ్వు చూసింది 2005 నాటి సినిమా అనుకుంటా, డెంజెల్ గురించి అడిగిన తీరు చూస్తే. 2009లో వచ్చిన కంప్లీట్ వెర్షన్ చూడు. దాదాపు 26 నిమిషాలు ఎక్కువ ఉంటుంది. డెంజెల్ కథ, క్లౌడ్‌కు వాడు దొరికిన తీరు అందులో ఉన్నాయి. వాడు పడిపోయి కనబడింది ఏరిత్ చర్చి ముందే. ఏరిత్‌నే ఈ పిల్లగాణ్ని నా చేతికి ఇచ్చింది అనుకుని ఇంటికి తెచ్చుకున్నాడు క్లౌడ్. అలాంటివాడికి మందులేని జబ్బు అని తెలిసినప్పుడు అతను ఎందుకు పారిపోయాడో అప్పుడు నీకు ఇంకా బాగా తెలుస్తుంది. కోపం పోవాలని మాత్రం లేదు.

ఈసారి చూసేటప్పుడు చేతులకు కట్టుకున్న గులాబీ రంగు రిబ్బన్ల మీద కన్నేసి ఉంచు. ఏరిత్ గుర్తుగా క్లౌడ్ కట్టుకున్నాడు, అది అందరికీ కనబడేదే. టీఫా చేతికి కూడా ఉంటుంది. బారెట్‌కూ ఉంటుంది. మిగతా స్నేహితుల ఒంటి మీద ఎక్కడెక్కడ ఉందో నువ్వే వెతుకు.